చార్జింగ్ పెట్టని పది రోజులు

మొన్న మా ఇంట్లో ఇన్వర్టర్ ఆగిపోతే బాగుచేసే అతను వచ్చాడు. బ్యాటరీ మూతలు తీసి చూసి, "పూర్తిగ దిగినంక శాన రోజులు వదిలేసిండ్రు మేడం. ఇగ ఇది లేవది" అన్నాడు. మా ఆయన కొత్తది ఏది మంచిదో అడుగుతున్నాడు. నేను వంటింట్లోకి వెళ్లి, కుళాయి తిప్పి ఊరకే నిలబడ్డాను. ఆ సంగతి నాకు ఇరవై రెండేళ్ల వయసులోనే తెలిసింది.

ఖానాపూర్ దగ్గర మా ఊళ్లో మా నాన్న బాపుకూ, ఆయన తమ్ముడు చిన్నబాపుకూ కలిపే మక్కజొన్న చేను ఉండేది. అడవి పందుల బాధ పడలేక చిన్నబాపు చేను చుట్టూ ఝట్కా తీగ కట్టాడు. బ్యాటరీతో నడిచే చిన్న మిషన్ అది. తీగ తగిలితే పంది ఎగిరిపడి పారిపోతుందే తప్ప చావదు. ఆ బ్యాటరీకి ఆయన చేసే సేవలు చూసి వాడంతా నవ్వేది. పొద్దున్నే మిషన్ బంద్ చేసి, బ్యాటరీని కాసేపు అలా వదిలేసి, అప్పుడు మీటరు పెట్టేవాడు. పన్నెండు పాయింట్ రెండు చూపిందంటే సగం ఖాళీ అయినట్టు. ఇక ఆగేవాడు కాదు. ఇంటికి తెచ్చి, పొయ్యికి దూరంగా, గాలి ఆడే వసారాలో చార్జర్ తగిలించేవాడు. నిండాక మూతలు తీసి, బ్యాటరీ నీళ్లు సరిపడా పోసి, భుజం మీది తువ్వాలతోనే తుడిచేవాడు. "నాకు జరమొస్తే ఒక్కనాడన్న గిట్ల సూసినవా?" అనేది చిన్నమ్మ. ఆయన మీటరు మీంచి కళ్లు తీయకుండానే, "నీకు నోరున్నది, అడుగుతవు. గిదేం అడుగుతది?" అనేవాడు.

ఆ వానాకాలం చిన్నమ్మ కంటి ఆపరేషన్ కోసం ఇద్దరూ పది రోజులు కరీంనగర్‌లో ఉండాల్సి వచ్చింది. డిగ్రీ అయిపోయి నేను ఇంట్లోనే ఉన్నాను, స్కూటీ ఉంది. "బిడ్డా, సగం దిగంగనే తెచ్చి చార్జింగ్ పెట్టు. అడుగంటినంక పెడితే లోపలి పలకలు ఖరాబైతయ్, మల్ల పానం రాదు" అని ఒకటికి రెండుసార్లు చెప్పి వెళ్లాడు. మొదటి రోజు చూశాను. రెండో రోజు వాన. మూడో రోజు స్నేహితురాలి పెళ్లికి నిర్మల్ వెళ్లాను. తర్వాత రోజూ రేపు అనుకున్నాను. తొమ్మిదో రోజుకు బ్యాటరీ తెచ్చి పెడితే చార్జింగ్ ఎక్కలేదు. అప్పటికే పందులు చేనులో ఒక మూలంతా తొక్కేశాయి. బాపు నన్నొక్క మాట అనలేదు. ఆ సాయంత్రం నాకు చెప్పకుండా మోటారు స్టార్టరు నుంచి తీగకు నేరుగా కరెంటు ఇచ్చాడు. తెల్లారగానే తీసేద్దామనుకున్నాడట. నేను బ్యాటరీని వెనక గదిలో గోనెసంచి కింద దాచాను.

మర్నాడు తెల్లారుతుండగానే మొదటి బస్సుకే వాళ్లు దిగారు. చిన్నమ్మ కంటికి పట్టీ ఉంది. చిన్నబాపు చేతిలో సంచి కింద పెట్టకుండానే అడిగాడు.

"బ్యాటరీ మంచిగున్నదా బిడ్డా? చార్జింగ్ పెట్టినవా?"

"పెట్టిన చిన్నబాపు. మంచిగ నడుస్తున్నది."

"శభాష్" అని నవ్వి చేను వైపు నడిచాడు. నిజం చెప్పి ఉంటే ఆ బ్యాటరీ ముందు కూర్చుని నన్ను తిడుతూ ఉండేవాడు. ఝట్కా వస్తుందో లేదో ఆయన ఎప్పుడూ పచ్చి గడ్డిపోచ తీగకు ఆనించి చూసేవాడు. ఆ రోజూ అలాగే చూశాడు.

బాపు స్టార్టరు బంద్ చేయడానికి వెళ్లేసరికి ఆయన బురదలో పడి ఉన్నాడు. శవాన్ని వాకిట్లో దించినప్పుడు చిన్నమ్మ గొంతెత్తి ఏడవబోయింది. ఆడవాళ్లు ఆమె రెండు చేతులూ పట్టుకున్నారు. "ఏడువకు, కంట్ల నీళ్లు రావద్దని డాక్టర్ చెప్పిండు. కన్ను పోతది" అన్నారు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని, ఎండిన కళ్లతో సాయంత్రం దాకా కూర్చుంది.

పోలీసులు బాపును తీసుకుపోయారు. పోతూ పోతూ నా పక్కన ఆగి, "నువ్వేం మాట్లాడకు" అన్నాడు. నేను మాట్లాడలేదు. చిన్నమ్మ మాత్రం పలకరించడానికి వచ్చిన ప్రతి ఒక్కరి ముందూ నా తల నిమురుతూ చెప్పేది: "నా బిడ్డ పది దినాలు చార్జింగ్ పెట్టుకుంట కనిపెట్టుకున్నది. గా పాపి ఓర్వలేక కరెంటు పెట్టిండు."

శిక్ష ముగించుకుని వచ్చాక కూడా బాపును ఆమె గడప తొక్కనీయలేదు. బాపు పోయినప్పుడు శవాన్ని చూడటానికీ రాలేదు. నన్ను మాత్రం తన ఇంటికి పిలిపించి, పక్కన కూర్చుని అన్నం తినిపించింది. తిన్నాను.

పోయిన ఏడాది చిన్నమ్మ కూడా వెళ్లిపోయింది. కాలం గడిస్తే తప్పు పలచబడుతుందని అనుకున్నాను. పలచబడింది దాన్ని వినాల్సిన మనుషులే.