మామగారి పెళ్ళి ఫోటో, నా కొత్త స్కానర్

నావల్ల ఒక షష్టిపూర్తిలో పురోహితుడు మంత్రం మధ్యలో ఆపేశాడు. మా అత్తగారు అంతమంది చుట్టాల ఎదుటా పీటల మీంచి లేచి నిలబడ్డారు. ఇదంతా ఒక స్కానర్ కొనడంతో మొదలైందంటే మీరు నమ్మరు. కాస్త ఓపిక పట్టండి. నాకెలాగూ లేదు, మీకైనా ఉండాలి.

ఇరవై ఏళ్ళ పైమాట. రాజమండ్రిలో లెక్కల మాస్టారుగా చేస్తున్నాను. ఇంట్లో కొత్తగా కంప్యూటర్ పెట్టాం. ఆ రోజుల్లో నాకు కుదురన్నది లేదు. బస్సు ఆలస్యమైతే పక్క స్టాపు దాకా నడిచేద్దామని బయల్దేరి, సగం దారిలో నా బస్సు నన్నే దాటిపోతుంటే చెయ్యూపేవాణ్ణి.

మామగారు రిటైరైన హెడ్మాస్టారు. రామచంద్రపురంలో ఆయన షష్టిపూర్తి. ఆయనా అత్తగారూ పెళ్ళినాడు పక్కపక్కన నిలబడి దిగిన ఫోటో ఒకే ఒక్కటుంది, పోస్టుకార్డంత.

"దాన్ని నాకివ్వండి, గోడంత పటం చేయించి తెస్తాను" అన్నాను. ఎవరూ అడగలేదు. నేనే అన్నాను.

"జాగ్రత్త బాబూ, ఇంకో కాపీ లేదు" అంటూ మామగారు పసిబిడ్డని అందించినట్టు అందించారు.

మర్నాడే స్కానర్ల షాపుకి పరిగెత్తాను.

"రిజల్యూషన్ ఎంత కావాలండి?" అన్నాడు షాపాయన.

రిజల్యూషన్ అంటే ఏంటో నాకు తెలీదు. లెక్కల మాస్టారు తెలీదనకూడదు. "మీ దగ్గర ఎంతుంది?" అన్నాను.

"ఆరొందలుంది, పన్నెండొందలుందండి."

"అంతకన్నా పెద్దది?"

"ఉందండి గానీ, ఇంట్లోకెందుకండీ? మీ కంప్యూటర్ మోయలేదు."

"మా కంప్యూటర్ సంగతి నాకు వదిలెయ్యండి. ఆ పెద్దదే ఇవ్వండి, అదీ కలర్ స్కానరే."

ఇంటికి తెచ్చి పెట్టె విప్పుతుంటే మా ఆవిడ సుజాత అడిగింది: "ఏవండీ, నాన్నగారి ఫోటో నలుపు తెలుపే కదా? కలర్ది ఎందుకు?"

"కలర్ దాంట్లో పెడితే నలుపు ఇంకా నల్లగా వస్తుంది" అన్నాను. ఆ క్షణంలో పుట్టిన శాస్త్రం అది.

ఆదివారం పొద్దున్న ఫోటోని అద్దం మీద పెట్టి, మూత వేసి, రిజల్యూషన్ చివరికంటా పెంచి బటన్ నొక్కాను. లోపల దీపం మామగారి వైపునుంచి అత్తగారి వైపుకి బయల్దేరింది. నడక అనను, పెళ్ళికూతురు పందిట్లోకి వస్తున్నట్టు వస్తోంది. గంటన్నర గడిచింది. కూర్చున్నాను, లేచాను, కాఫీ తాగాను, మళ్ళీ కూర్చున్నాను.

"ఆ వేడికి ఫోటో మాడిపోతుందేమోనే?"

"మాడితే వాసనొస్తుంది లెండి. దాని పని దాన్ని చేసుకోనివ్వండి" అని సుజాత కూరలకి వెళ్ళింది.

ఆవిడ వీధి మలుపు తిరిగిందో లేదో, మూతెత్తాను. ఫోటో తీసి ముందూ వెనకా చూశాను, ఉఫ్ అని ఊది, తీసిన చోటే పెట్టాననుకుని పెట్టేశాను.

మధ్యాహ్నానికి స్కాన్ అయింది. స్క్రీన్ నిండా ఒక చొక్కా బొత్తాం! నాలుగు చిల్లులూ, దారం పోగులూ లెక్కపెట్టుకోవచ్చు. మొత్తం ఫోటో చూపించమంటే మాత్రం కంప్యూటర్ బిగుసుకుపోయింది.

"పూర్తిగా ఒకసారి చూసుకోండి" అంది సుజాత.

"బొత్తామే ఇంత బాగుంటే మనుషులు ఎలా ఉంటారో ఊహించుకో!"

అంత పెద్ద ఫైలు ఏ ఫ్లాపీలోనూ పట్టలేదు. సీపీయూనే ఒళ్ళో పెట్టుకుని కాకినాడ బస్సెక్కాను, అక్కడొక స్టూడియోలో పెద్ద సైజు ప్రింట్లు వేస్తారని. పక్కసీటాయన "ఏంటండీ అది, టీవీయా?" అనడిగాడు.

"మా మామగారండీ" అన్నాను. ఆయన లేచి వేరే సీటుకి వెళ్ళిపోయాడు.

షష్టిపూర్తి రోజు పొద్దున్నే పటం తీసుకోవడానికి స్టూడియోకి వెళ్ళేసరికి, ఫ్రేమ్ కట్టి కాగితం చుట్టేసి ఉంది.

"అన్నదమ్ములాండీ?" అన్నాడు స్టూడియో ఆయన.

"కాదండీ, మొగుడూ పెళ్ళాం."

ఆయన నన్ను కిందనుంచి పైకి చూసి ఇంకో ముడి బిగించాడు. నాకేమో బస్సు తొందర.

పందిట్లో పీటల మీద మామగారూ అత్తగారూ. చుట్టూ జనం. నేను పటాన్ని కుర్చీలో నిలబెట్టి, గొంతు సవరించుకుని కాగితం చింపాను.

ఎడమవైపు మామగారు, పెళ్ళికొడుకు బట్టల్లో, ధగధగలాడుతూ. కుడివైపు, అంతే ధగధగలాడుతూ, మళ్ళీ మామగారు.

మీకర్థమయ్యే ఉంటుంది. దీపం మామగారిని దాటాక నేను ఫోటో తీశాను కదా? తిరిగి పెట్టడంలో పక్కకి జరిపేసి, ఆయన్నే మళ్ళీ దాని ముందు నిలబెట్టాను. అత్తగారి వంతు రాకుండానే స్కాన్ అయిపోయింది.

పురోహితుడి మంత్రం ఆగింది. అత్తగారు లేచి పటం దగ్గరికొచ్చి, "నేనెక్కడండీ?" అన్నారు.

మామగారు కళ్ళజోడు తుడుచుకుని చూశారు. "నేను మాత్రం రెండుసార్లు వచ్చాను" అన్నారు మెల్లిగా.

నేను జేబులోంచి అసలు ఫోటో తీసి అత్తగారికి అందించాను. ఆవిడ దాన్ని చూశారు, పటాన్ని చూశారు, మామగారిని చూశారు.

"ఈ పటమే ఉంచండి. పెళ్ళిలో ఈయన తనని తప్ప ఇంకెవర్ని చూసుకున్నారు గనక! ఇన్నాళ్ళకి ఆ నిజం కనిపెట్టినవాడు అల్లుడొక్కడే."

పందిరి పందిరంతా ఒకటే నవ్వు. మామగారు కూడా నవ్వారు, కాస్త ఆలస్యంగా.

అక్షింతలు చేతబట్టుకుని ఆ పందిట్లోనే శపథం చేశాను: కంఠంలో ప్రాణముండగా పనిలో ఉన్న యంత్రం మూత ఎత్తను. మంత్రాలతో ఒకటైన దంపతులని, తెలిసిగానీ తెలియకగానీ, ఏ రిజల్యూషన్లోనూ విడదీయను.