సర్వర్‌లో రెండో చోటు

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. ఉద్యోగమున్నంత కాలం కళాశాలలో పాత కావ్యాలు పాఠం చెప్పినవాణ్ణి. శ్మశానవర్ణనలు, శవాలలో చేరి మాట్లాడే భూతాల పద్యాలు రాగయుక్తంగా చదివి పిల్లలను భయపెట్టేవాణ్ణి. గంట మోగగానే ఆ భూతాలు పుస్తకంలోనే ఉండిపోయేవి. ఇప్పుడు చెప్పబోయేది మా ఇంట్లో, పట్టపగలు జరిగింది.

మా అన్నగారికి కినత్తుకడవు దారిలో కొబ్బరితోపుల నడుమ ఒక నూలుమిల్లు ఉండేది. ఆయనదొక పట్టుదల. కొనడానికి వచ్చినవారికి నూలు చూపేవారు గాని, మిల్లు లోపలికి ఎవరినీ అడుగుపెట్టనిచ్చేవారు కారు. “సరుకు చూడు, బాగుంటే తీసుకో. నా వంటిల్లు నీకెందుకు?” అనేవారు.

ఆయన పోయిన తరువాత మిల్లు ఆయన కూతురు కోదై చేతికి వచ్చింది. అప్పటికే సగం యంత్రాలు ఆగిపోయి ఉన్నాయి. మిగిలిన సగాన్నయినా నిలుపుకోవాలని ఆ పిల్ల ఆరాటం.

యంత్రాల వేగం, షెడ్డులో తేమ, నూలు ఎక్కడెక్కడ తెగుతున్నదీ, అన్నీ ఒక సర్వర్‌లోనే కనిపిస్తాయి. అది మిల్లులో తాళం వేసిన చల్లగదిలో ఉంటుంది. దాని ముందు ఎవరూ కూర్చోరు. మిల్లులో మేనేజరు రంగసామి తన మేజా దగ్గర నుంచీ, ఆర్.ఎస్. పురంలోని మా ఇంట్లో కోదై అన్నగారి గదిలో నుంచీ, దూరం నుంచే దానిలోకి ప్రవేశిస్తారు.

ఆ సర్వర్‌లోని సాఫ్ట్‌వేర్ పాతబడిపోయి కొత్తది వేయవలసివచ్చింది. వాడిపట్టి నుంచి మా బంధువుల అబ్బాయి, ఇంజనీరు, వచ్చి రెండు దారులు చెప్పాడు. తలకొక లైసెన్సు కొంటే ఎందరైనా పని చేసుకోవచ్చు. లేదా మూలమైన లైసెన్సు ఒక్కటే కొని, నిర్వహణ కోసం దానితో వచ్చే రెండు చోట్లతో సరిపెట్టుకోవాలి. ఒకేసారి ఇద్దరికి మించి లోపలికి పోలేరు.

“బైకు మాదిరి అంటావు,” అన్నాడు రంగసామి. “మూడో ఆళు ఎక్కితే పోలీసు పట్టుకుంటాడు.”

“పోలీసు కాదన్నా, మెషినే దించేస్తుంది,” అన్నాడు ఇంజనీరు.

మొదటి దారి మా తాహతుకు మించినది. ఇంటి పెద్దగా నేను కూడా రెండో దారికే సమ్మతించాను. మా కుటుంబాలలో కరెంటు, ఫోను, బండి సమస్తమూ పెద్దవారి పేరనే ఉంటాయి. సర్వర్‌లో మిల్లు ప్రోగ్రామును కూడా అదేవిధంగా అన్నగారి పేరునే పెట్టారు. ఆ పేరు తీసివేస్తే ప్రోగ్రాము నడవదు. కనుక కొత్తదానిలోనూ ఆ పేరు అలాగే ఉంచారు.

కొత్త సాఫ్ట్‌వేర్ వేసిన మరునాటి ఉదయం కోదై ప్రవేశించబోతే చోటు లేదని వచ్చింది. లోపల ఇద్దరున్నారు. ఒకరు రంగసామి, రెండవవారు మా అన్నగారు.

పేరు పక్కన ఏ కంప్యూటరు నుంచి వచ్చినదీ ఉంటుంది. అది అన్నగారి సొంత కంప్యూటరు. కర్మలు ముగిసిన నాడే దాని ప్లగ్గు పీకి, ఆయన పాత పంచెతో చుట్టి ఆ గదిలోనే ఒక మూల పెట్టాము. కోదై తన ల్యాప్‌టాప్‌తో దాని పక్కనే కూర్చుని ఉంది.

ఇంజనీరు సెలవురోజున సర్వర్ ఆపి మళ్లీ నడిపించాడు. పాస్‌వర్డ్ మార్చాడు. మరునాడు ఆ పేరు మళ్లీ లోపలే ఉంది. ప్రోగ్రామే ఆ పేరుతో చోటు పట్టుకుంటున్నదేమోనన్నాడు. నేనూ అదే నమ్మాను. అయితే కంప్యూటరు పేరు ఎందుకు పడుతున్నదో అతడికీ తెలియలేదు.

చోటు లేనప్పుడు లోపలివారిని తప్పుకోమని అడిగే ఏర్పాటు ఒకటి ఉన్నది. మన విన్నపం వారి తెరమీద కనబడుతుంది. కొంతసేపటిలో ఏ జవాబూ రాకపోతే, మౌనాన్ని అంగీకారంగా తీసుకుని యంత్రమే చోటు ఇస్తుంది. వద్దనాలంటే మాత్రం ఎవరో ఒకరు చేతితో నొక్కాలి.

కోదై ప్రతి ఉదయమూ అలా అడిగేది. “నైనా, కొంచెం జరుగు,” అని నవ్వేది. జవాబు వచ్చేది కాదు. కాసేపటికి చోటు దొరికేది. మాకు అది అలవాటైపోయింది.

ఇంతలో తిరుప్పూరు నుంచి ఒక పెద్ద బేరం వచ్చింది. వారి మనిషి తమ ఆఫీసు నుంచే మా సర్వర్‌లోకి వచ్చి, ఒక షిఫ్టు నడిచే తీరు కళ్లారా చూడాలి. నచ్చితే ఏడాది పొడుగునా నూలు తీసుకుంటారు. అది రాకపోతే మిల్లు మూయక తప్పదు.

ఆ ఉదయం తేమ చూసుకోవడానికి రంగసామి లోపల ఉన్నాడు. కోదై తన చోటును వారికి విడిచిపెట్టింది. రెండో చోటులో ఎప్పటిలాగే అన్నగారి పేరు ఉంటే, తిరుప్పూరు మనిషి తప్పుకోమని విన్నపం పంపాడు. వెంటనే ఫోను చేశాడు. లోపలివారు నిరాకరించారని అతడి తెరమీద వచ్చిందట.

మళ్లీ అడిగితే మళ్లీ నిరాకరణే వచ్చింది. కోదై వాడిపట్టికి ఫోను చేసింది. “ఎవరో నొక్కుతా ఉండారక్కా,” అన్నాడు ఇంజనీరు. “ఊరికే ఉంటే అట్ల రాదు.”

“రంగసామన్నా, నువ్వు బయటికి రా, నీ చోటు ఇచ్చేస్తాం,” అన్నది కోదై మిల్లుకు ఫోను చేసి.

“వచ్చేస్తిని అమ్మణీ. అదీ నిండిపోయిండాది. రెండింట్లోనూ అయ్య పేరే.”

నేను లేచి మూలనున్న కంప్యూటరును తాకి చూశాను. చల్లగా ఉన్నది. పంచె ముడి కట్టినట్టే ఉన్నది.

తిరుప్పూరువారు మధ్యాహ్నం దాకా ఓపికపట్టారు. తరువాత, దాచవలసినది ఏదో ఉన్న మిల్లుతో తమకు బేరం వద్దన్నారు. వారిని తప్పుపట్టలేను.

మిల్లు మూతపడింది. యంత్రాలను విప్పి లారీలలో తీసుకుపోయారు. రంగసామి తాళపుచెవులు మా ఇంట్లో అప్పగించి, కాఫీ కూడా ముట్టకుండా వెళ్లిపోయాడు.

చివరికి సర్వర్‌ను ఆపడం ఒక్కటే మిగిలింది. కోదై అన్నగారి గదిలోనే కూర్చుని తెరిచింది. రెండు చోట్లలోనూ అన్నగారే ఉన్నారు. ఆమె విన్నపం పంపి, తెరతో కాక మూలనున్న పంచెమూటతో అన్నది: “నైనా, చూపించేదానికి ఇంక ఏమీ లేదు.”

గడువు దాకా ఆగనక్కరలేకపోయింది. ఆమె మాట ముగిసేలోపలే అంగీకారం వచ్చింది.

షెడ్డు చిత్రం తెరుచుకున్నది. లేని యంత్రాల పేర్ల ఎదుట వరుసగా సున్నాలు ఉన్నాయి. కోదై వాటిని చివరి వరుస దాకా చూసుకుంటూ పోయింది. “ఈ సరే అనే మాట ఆ పొద్దే అనుంటే ఏమి చిన్నైనా?” అని నన్ను అడిగింది.

ఆ తరువాత ఎందరో తెలిసినవారిని అడిగాను. చోటు పట్టుకోవడానికి కారణాలు చెప్పారు, కంప్యూటరు పేరు పడడానికీ ఏవో చెప్పారు. వద్దని నొక్కినదీ, సరేనని నొక్కినదీ ఎవరో మాత్రం ఎవరూ చెప్పలేదు. సర్వర్ ఆగిపోయింది. అడగడానికి ఇప్పుడు ఆ దారి కూడా లేదు.