వీధిపోటు అన్నది నేనే

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. ఆరేళ్లుగా ఒక మాట గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. అన్నం ముద్ద మింగితే దిగే రకం కాదు.

గిలకలదిండి హార్బర్లో చేపల వేలానికి కేక వేసేది నేనే. కుళ్లబోయే చేపని కూడా నవ్వించి అమ్మేస్తానని పేరు. నా భార్య దుర్గ పెడన వెళ్లి కలంకారీ బట్టలకి అచ్చులు వేస్తుంది. పెళ్లైన దగ్గర్నుంచీ మా ఇద్దరికీ ఒకటే పిచ్చి, సొంతిల్లు. ఆమె కూలీ, నా కమీషను కలిపి నా పేరు మీద చీటీ కట్టేవాళ్లం. దుర్గ పండగలకి కూడా కొత్త చీర కొనుక్కునేది కాదు. అడిగితే, రోజంతా చీరలే కదా ముట్టుకుంటున్నాను అనేది.

ఇల్లు దొరికింది. బందర్లోనే, రెండు గదులు. రత్నమ్మ గారిది. భర్త పోయాక ఒక్కతే ఉండలేక, అది అమ్మేసి గుడివాడలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోదామనుకుంది. దుర్గంటే ఆవిడకి ఇష్టం. అడక్కుండానే ధర తగ్గించింది. ముందు అడ్వాన్సు ఇవ్వండి, మిగతాది బ్యాంకు లోను వచ్చాక చూద్దాం అంది.

అడ్వాన్సు లేదు. దుర్గకి చెప్పకుండా అంతకుముందే చీటీ పాడేసి, ఆ డబ్బు దివిసీమలో ఒక స్నేహితుడి రొయ్యల చెరువులో పెట్టాను. ఒక్క పంటతో రెట్టింపు చేసి, బ్యాంకు లోనే అక్కర్లేదని ఆమె ముందు నిలబడదామనుకున్నాను. తెల్లమచ్చ తెగులు తగిలింది. రొయ్యలన్నీ గట్టు వారకి చేరి చచ్చాయి.

నా తప్పు ఇదా? కాదు. చెరువుల్లో పోగొట్టుకున్నవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. చెప్పుంటే దుర్గ తిట్టేది, కొన్నాళ్లు మాట్లాడేది కాదు, తర్వాత తనే ఇంకో చీటీ మొదలుపెట్టేది. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదా? తెలుసు. ఆమె మొహం వాడిపోతే చూడలేక చెప్పలేదని చాలాకాలం నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. అదీ అబద్ధమే. ఆమె ముందు తెలివితక్కువవాడిలా కనబడడం ఇష్టంలేక చెప్పలేదు.

రత్నమ్మ గారి ఇంటికి వెళ్లాను.

"ఇల్లు వద్దనుకుంటున్నామండీ."

"ఏం బాబూ, ధర ఎక్కువైందా?"

"ధర కాదండీ. వీధి నేరుగా మీ గేటుకే వచ్చి తగులుతోంది కదా. వీధిపోటు ఇంటి మగాడికి మంచిది కాదని దుర్గ భయపడుతోంది."

ఆవిడ గేటు దాకా వచ్చి వీధి వైపు చూసింది.

"ఆయన పోయింది షుగరుతో బాబూ. ఇంటితో కాదు. ఆ అమ్మాయికి చెప్పు."

చెబుతానండీ అన్నాను. ఇంటికొచ్చి దుర్గకి ఇంకోటి చెప్పాను. ఎవరో ఎక్కువ ఇస్తామన్నారట, రత్నమ్మ గారు మాట మార్చేసింది అని. వెళ్లి అడుగుతానని లేచింది. మనకి పౌరుషం లేదా అన్నాను. కూర్చుండిపోయింది.

అక్కడితో ఆపినా బాగుండేది. హార్బర్లో అందరూ ఇల్లేమైందని అడిగారు. ఆ ఇల్లు కొంటే బస్సు నేరుగా మంచం మీదకే వచ్చి ఎక్కించుకుంటుంది బావా, అందుకే వద్దన్నాను అని చెప్పాను. ఒకటే నవ్వులు. నా జోకులు బందరంతా తిరుగుతాయి, అది నాకో గొప్ప. ఇదీ తిరిగింది. దుర్గ విన్నా, పరువు కోసం అలా చెప్పుకుంటున్నాననుకుంది. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు గేటు దగ్గరే ఆగి, వెనక్కి తిరిగి వీధిని చూసి వెళ్లిపోయేవారట. చివరికి మాకు చెప్పిన దానికన్నా బాగా తక్కువకి అమ్ముకుని రత్నమ్మ గారు గుడివాడ వెళ్లిపోయింది. ఎక్కువ ఇస్తానన్నవాడు ఎగ్గొట్టుంటాడు, ఆశకి పోతే అంతే అంది దుర్గ. నేను తలూపాను.

ఐసు లోడింగు పనికి కూడా వెళ్లి ఆ చీటీ డబ్బు చాటుగా పూడ్చాను. డబ్బు పూడింది. నా మాట తవ్విన గొయ్యి ఎలా పూడుతుంది?

మొన్న ఒక పెళ్లికి వెళ్లి వస్తూ గుడివాడ బస్టాండులో రత్నమ్మ గారిని చూశాం. బాగా చిక్కిపోయింది. దుర్గని చూసి ఒక అడుగు ముందుకి వేసింది కూడా. దుర్గ మొహం తిప్పేసుకుంది. ఆవిడ అక్కడే ఆగిపోయింది. ఇద్దరూ ఎదుటిమనిషే తప్పు చేసిందనుకుంటున్నారు. నేను మధ్యలో నిలబడి బస్సు బోర్డు చదువుతున్నాను.

ఇప్పుడు మళ్లీ ఒక ఇల్లు చూశాం. ఈసారి అడ్వాన్సు తనే తీసుకెళ్లి ఇస్తుందట దుర్గ. నేను మెతకవాణ్ణట, నన్ను చూస్తే ఎవరైనా మాట మార్చేస్తారట.

ఆమెకి చెబుతానా? తెలియదు. చెబితే ఆ రోజే గుడివాడ బస్సెక్కుతుంది, అది మాత్రం తెలుసు. ఎక్కేముందు నన్నేమంటుందో, వెనక్కి వచ్చాక నాతో ఎలా ఉంటుందో తలుచుకుంటేనే నోరు పడిపోతోంది. రత్నమ్మ గారు నష్టపోయింది ఎలా తెచ్చివ్వను? ఆవిడ భర్త చావు మీద నేను వేసిన మాట ఎలా తియ్యను?

మీ దగ్గరైనా ఉన్నదున్నట్టు పెడతాను. రత్నమ్మ గారు మాట తప్పలేదు. దుర్గ వీధిపోటు అనలేదు. రెండూ నేనే అన్నాను.

ఎనిమిదో తరగతిలో బడి మానేశాక ఇంత రాయడం ఇదే. చెయ్యి లాగుతోంది. అయినా ఆపబుద్ధి కావడం లేదు.