కుడిపక్క జేబు

1987 చలికాలం. ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లి మలుపులో ఉన్న నా టైలరింగ్ షాపుకి అప్పట్లో రెండు తలుపులు. కొత్త కోటు కుట్టించుకునేవాళ్ళు ముందు తలుపున వచ్చేవారు. సెకండ్ హ్యాండ్ కోటు కొనేవాళ్ళు వెనక తలుపున, అదీ మసక చీకటి పడ్డాక. ఊరు వదిలి విదేశాలకు వెళ్ళిపోయే ఆంగ్లో ఇండియన్ రైలు డ్రైవర్లు, హిజ్లీ ఐఐటీ ప్రొఫెసర్లు అమ్మేసిన ఇంగ్లండు ఉన్ని కోట్లు నా దగ్గర ఉండేవి. అలాంటి గుడ్డ బజారులో కొత్తగా కొందామన్నా దొరకదు. అందరికీ అది కావాలి, కొన్నామని చెప్పుకోవడానికి మాత్రం సిగ్గు. అదెక్కడి సిగ్గో నాకిప్పటికీ అర్థం కాదు.

రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు దేవదానం అలా వెనక తలుపునే వచ్చాడు. ముదురు నీలం కోటు ఒకటి చూసి, దాని మీద వేసిన చెయ్యి మళ్ళీ తియ్యలేదు.

“మాస్టారూ, పెళ్ళికి ఇదే ఏసుకుంతాను. కానీ పాతదని మా మావగారికి తెలిసిందంటే పెళ్ళి ఆగిపోతాది. ఎవుడో ఒగ్గేసిన గుడ్డతో సర్చిలోకొస్తే పిల్లనివ్వనని ముందే సెప్పీసినాడు.”

భుజాల దగ్గర రంగు వెలిసింది. దానికి మా పనిలో ఒక ఉపాయం ఉంది, టర్నింగ్ అంటాం. కుట్లన్నీ విప్పి, వెలిసిన ముఖం లోపలికి, లోపలి ముఖం పైకి తిప్పి మళ్ళీ కుట్టడం. కోటు కొత్తదైపోతుంది. బొత్తాల కన్నాలు రఫూ చేసి పక్క మార్చగలను గానీ, గుండె మీది జేబు కోత మాత్రం దాచలేను.

“జేబు కుడిపక్కకి పోతాది బావూ” అన్నాను.

“జేబెవుడు సూస్తాడు మాస్టారూ?”

చూసేవాడున్నాడు. ఆ మామగారు రత్నం రైల్వేలో గార్డు. ఉద్యోగమంతా కుడీ ఎడమా చూసి జెండా ఊపిన మనిషి.

తాల్‌బగీచాలో పెళ్ళి. నన్నూ పిలిచారు. చర్చి మెట్ల దగ్గర రత్నం గారు తెల్ల రుమాలు మడిచి, అల్లుడి జేబులో పెట్టబోయారు. ఎడమపక్క వేళ్ళు జారిపోయాయి, జేబు లేదు. కుడిపక్క చూశారు. దేవదానం ముఖంలో కత్తివాటుకు నెత్తుటి చుక్క లేదు. సరిగ్గా అప్పుడే పెళ్ళికూతురి కారు గేటు దాటి లోపలికి వచ్చింది.

“సింహాచలం! ఇలగ రా. ఏటిది?” అని రత్నం గారు నన్ను కేకేశారు.

అబద్ధమాడే ఓపిక నాకెప్పుడూ లేదు. “పాత కోటండి. తిరగేసి కుట్టినాను. గుడ్డ మాత్రం బంగారం. అంటే నన్ననండి, కుర్రోణ్ణి అనకండి.”

ఆయన నోరు తెరిచేలోపు ఆయన భార్య కరుణమ్మ గారు ముందుకు వచ్చి, అల్లుడి కోటును తేరిపార చూశారు.

“ఏవండీ, మన పెళ్ళి ఫొటోలో కూడా మీ జేబు కుడిపక్కే ఉంటాది గదా? స్టూడియోవోడు ఫొటో తిరగేసి తీసీసినాడని సెప్పినారు!”

రత్నం గారు కోటు వంక చూశారు, భార్య వంక చూశారు, నేల చూపులు చూశారు.

“ఫొటో సరిగ్గానే ఉందే. కోటే తిరగేసింది.”

కరుణమ్మ గారు మెట్ల మీద కూలబడి నవ్వారు. “ఇరవయ్యేళ్ళు ఆ స్టూడియోవోణ్ణి తిట్టుకున్నాను గదండీ, పాపం!”

అందరం నవ్వాం. రత్నం గారు రుమాలు కుడి జేబులో పెట్టి, పైన తట్టారు. “మా మావగారికి కనబడకుండా ఫొటోకి తప్ప ఆ రోజంతా ఈ జేబుకి బైబిలు అడ్డెట్టుకున్నాను. నువ్వు సేతులు దించి నడు నాయినా” అన్నారు. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి, చెప్పడానికేం.

విందులోనే ముగ్గురు నన్ను పక్కకి పిలిచి కోట్లున్నాయా అని అడిగారు. పట్టపగలు ముందు తలుపున రమ్మన్నాను. వెనక తలుపుకి అడ్డంగా అల్మారా పెట్టి, పాత కోట్లన్నీ అందులో తగిలించాను. ఆ రోజు నుంచి ఏ కోటు ఎవరింటిదో, ఎక్కడ తిరగేశానో నేనే ముందు చెప్పి అమ్మాను. దాచినంతకాలం అది ఒగ్గేసిన గుడ్డ, చెప్పాక దొరల కోటు. తొంభైల్లోకి వచ్చేసరికి కొత్త కోట్లకన్నా పాతవే ఎక్కువ పోయేవి.

అప్పుడే ఒక బెంగాలీ కుర్రాడు సరికొత్త గుడ్డ తెచ్చాడు. “మాస్టర్‌దా, జేబు కుడిపక్క పెట్టండి. పెద్దింటి కోటులా ఉండాలి” అన్నాడు.

“దానికి ముందు ఇంకెవరో ఇరవయ్యేళ్ళు తొడగాలి బాబూ” అని అల్మారా తెరిచాను.