పసిబిడ్డను దాటని మనిషి

మూడేళ్ల కిందట బందరు ఫ్రెంచిపేటలో పాత దొరల భవనం పునాదులు తవ్వించిన ఆఫీసరు మా వారే. చంటివాణ్ణి ఎత్తుకుని నేను రోజూ క్యారేజీ తీసుకెళ్లేదాన్ని. ఒకనాడు వరండా కింద ఏ దొరల బిడ్డదో చిన్న సమాధి బయటపడింది. కూలీలంతా దాన్ని దాటుకుంటూ మట్టి మోస్తుంటే, ఒక ముసలామె మాత్రం ప్రతిసారీ తట్టతో చుట్టూ తిరిగి వెళ్లేది.

"నీవల్ల పని ఆగుతోంది. దాటుతావా, ఇంటికెళ్తావా?" అన్నారు మా వారు.

"పసిబిడ్డను దాటితే ఎదగదండి."

"ఎముకలు ఎదుగుతాయటే మామ్మా?" మేస్త్రి నవ్వాడు.

"ఆ మాట వాళ్లమ్మ ముందర అనగలవా?"

నేను చంటివాణ్ణి గుండెకు హత్తుకున్నాను. ఆమె తట్ట దించేసి, కొంగు దులుపుకుని ఇంటిదారి పట్టింది.

ఆమెను వెనక్కి పిలవడానికి మా వారు చుట్టూ తిరిగే వెళ్లారు.