తవుడుకు అమ్ముడుపోయినవాణ్ణి

నాకంటే ముందు మా అమ్మకు పుట్టిన పిల్లలెవరూ బతకలేదు. అందుకే నేను పుట్టగానే నన్ను చేటలో పెట్టి, పెంటకుప్ప మీద ఒకసారి దింపి, ఎదురింట్లో గాజులమ్మే సాయిబులామెకు చేటెడు తవుడుకు అమ్మేశారు. ఆమె నన్ను కొనుక్కుని, ముక్కు కుట్టించి, తన బిడ్డను కాస్త సాకిపెట్టమని చెప్పి మళ్ళీ మా అమ్మ ఒళ్ళోనే పెట్టింది. చావు వెతుక్కుంటూ వస్తే ఈ ఇంట్లో పిల్లలు లేరనుకుని వెళ్ళిపోవాలని ఎత్తు. ప్రొద్దుటూరులో ఇదేమీ వింత కాదు. మా బడిలోనే ముక్కు కుట్టిన మగపిల్లలు ఇంకా ఉండేవాళ్ళు.

మిగతా ఇళ్ళలో ఈ నాటకం నాలుగు రోజులకు మరిచిపోతారు. మా అమ్మ మరవలేదు. గాజులామె నన్ను వీధిలో పట్టుకుని నా కొడుకా అని ముద్దులాడేది, రంజానుకు సేమ్యా తినిపించేది. అమ్మ అన్నం కలిపి పెట్టేది, జ్వరమొస్తే పక్కనుంచి లేచేది కాదు. కానీ ఎవరైనా అడిగితే మాత్రం ఎదురింటోళ్ళ పిల్లోడనేది. ఆ మాట అనేటప్పుడు ఆమె చూపు గడప మీదికి పోయేది. నాకు ఒళ్ళు మండేది. ఆ గడప దగ్గర ఎవరున్నారోనని భయమూ వేసేది.

నేను జమ్మలమడుగులో ఇంగ్లీషు పంతులునయ్యాక, నైజీరియాకు స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో, అక్కడి ఇగ్బో అనే జాతి రచయితల నవలలు ఒకటీ అరా చేతికందాయి. తెల్లదొరలు వచ్చి తలకిందులు చేసిన ఊళ్ళ కథలు. దొరల సంగతి మనకు తెలియనిదా అని తాపీగా చదువుతూ పోయాను. చచ్చి, మళ్ళీ అదే తల్లి కడుపున పుట్టి, మళ్ళీ చచ్చే బిడ్డల దగ్గరికొచ్చేసరికి ఆ పేజీ మళ్ళీ మొదటినుంచి చదివాను. అటువంటి బిడ్డను వాళ్ళు ఒగ్బాంజె అంటారు. పుట్టిన బిడ్డ నిలవాలని అక్కడి తల్లులు పెట్టుకునే పేర్లలో చావును బతిమాలుకునే పేరు కూడా ఉందట, చావా నీకు దండం పెడతానన్నట్టు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మ శనగలు ఏరుతుంటే ఇదంతా తెలుగులో చెప్పాను. ఆమె చేతులు ఆపి విన్నది.

"ఆ పేరు పెట్టినాయమ్మ చావును అడుక్కునింది. నేను మోసం జేసినా," అంది. "అడుక్కున్నోళ్ళను వదిలేస్తాదేమో. మోసం జేసినోళ్ళ కోసరం చూస్తాంటాది."

ఇంత మీసమొచ్చినవాణ్ణి, ఇప్పుడైనా ఒక్కసారి నా కొడుకు అనమని అడిగాను. అమ్మ గడప వైపు చూసింది.

"మెల్లగా మాట్లాడప్పా. వింటాంది."



మరుసటేడు నాకు కూతురు పుట్టింది. ఆసుపత్రి వరండాలో నేనూ అమ్మా నిలబడి ఉన్నాం. నర్సమ్మ బిడ్డను గుడ్డలో చుట్టి తెచ్చి, ఈ పాప తండ్రి ఎవరని అడిగింది. నేనేనని చెప్పబోయి ఆగాను. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నర్సమ్మ మళ్ళీ అడిగింది. మేమిద్దరం వాకిలి వైపే చూస్తున్నాం.