కంప్రెసర్ లాగితేనే వచ్చే పొగ

నేను రిటైరు కావడానికి ముందు ఏడాది, ఎండాకాలం మొదట్లో, నన్ను కర్నూలు వర్క్‌షాపుకు డి.ఇ.గా, అంటే డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా వేశారు. తాగునీటి బోర్లు బాగుచేసే బండ్లన్నీ మా అజమాయిషీలో ఉండేవి. బోరు పూడిపోతే కంప్రెసరుతో లోపలికి గాలి కొట్టి బురదను పైకి తోయిస్తాం. ఆ కంప్రెసర్ చక్రాల మీద ఉండే బరువైన యంత్రం. దాన్ని లారీ వెనక కొక్కేనికి తగిలించి ఊరూరా లాక్కుపోవాలి. మా సీమలో ఎండాకాలం వస్తే కలెక్టరు కన్నా దానికే మర్యాద ఎక్కువ.

ఆ ఏడాది దాన్ని లాగడానికి కొత్త లారీ వచ్చింది. కొత్త బండి వస్తే జరగాల్సినవి జరిగాయి. కొబ్బరికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారు, నాయకుడొకాయన జెండా ఊపారు. ఊపిన ఆయన ఫ్లెక్సీని లారీ ముందు జాలీ మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా బిగించి కట్టారు. చేతులు జోడించి నవ్వుతున్న బొమ్మ, కింద 'జలదాత' అని అక్షరాలు. జెండా ఊపడం అప్పటికప్పుడే అయిపోయింది కానీ ఫ్లెక్సీ ఉండిపోయింది. కట్టడానికి అందరికీ అధికారం ఉంది, విప్పడానికి ఎవరికీ లేదు.

నెల తిరగకముందే ఫిర్యాదులు మొదలయ్యాయి. బద్వేలు వైపు పోయిన మా లారీ నల్లపొగ కక్కుతోందని, ఎత్తు ఎక్కలేక మూలుగుతోందని, వెనక మోటారుసైకిళ్ల మీద వచ్చేవాళ్లు మసి పూసుకుని ఇళ్లకు పోతున్నారని చెప్పారు. డీజిలు కూడా విపరీతంగా తాగుతోంది.

మా ఇ.ఇ. గారు, అంటే నా పై అధికారి, కుర్చీలోంచి లేవకుండానే రోగం కనిపెట్టారు. డ్రైవరు డీజిలు అమ్ముకుని, మిగిలిన దాంట్లో ఏదో కలుపుతున్నాడని తేల్చారు. ఏం కలిపితే ఇలాంటి పొగ వస్తుందని అడిగాను. అది కనుక్కోవడం నా పని అన్నారు. వారంలోగా వేరే కారణం చూపకపోతే డ్రైవరును తీసేస్తామన్నారు.

ఆ డ్రైవరు దానియేలు. నందికొట్కూరు పక్క పల్లె మనిషి, యాభై దాటాయి. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం కాబట్టి తీసేయాలంటే విచారణ కూడా అక్కర్లేదు. ఏజెన్సీకి ఒక ముక్క రాస్తే చాలు.

"ఉత్త బండి పోతే పొగే ఉండదు సారూ. కంప్రెసర్ తగిలిస్తే మాత్రం ఎనక ఏమీ కనపడనంతగా వస్తాది. నేనేం కలపలా. ఈ వయసులో ఈ పని పోతే నాకు స్టీరింగు యాడ ఇస్తారు?" అన్నాడు. మనిషి అబద్ధం చెప్తున్నట్టు నాకు అనిపించలేదు. అయితే నాకు అనిపించడం ఫైలులోకి ఎక్కదు.

డీజిలు ఇంజను నల్లపొగ వదిలిందంటే రెండే అర్థాలు. డీజిలు ఎక్కువన్నా పడుతోంది, గాలి తక్కువన్నా అందుతోంది. వెనక బరువు తగిలిస్తే పంపు డీజిలు ఎక్కువ పోస్తుంది, దానికి సరిపడా గాలీ కావాలి. కాబట్టి లాగేటప్పుడే పొగ వస్తోందన్న దానియేలు మాట శాస్త్రానికి సరిపోయింది.

లారీని షెడ్డులోకి రప్పించాం. డీజిలు చిమ్మే నాజిళ్లు పరీక్షించాం, పంపు సరిచూశాం, గాలి ఫిల్టరు మార్చాం, ఇంజనులోకి గాలి తోసే టర్బో విప్పి చూశాం. కంప్రెసర్ తగిలించి ఆవరణలో ఎత్తున్న చోట తిప్పాం. పొగ లేదు. సంతోషంగా పంపించాం. నంద్యాల దాటకముందే ఫోను వచ్చింది, మళ్లీ నల్లపొగ! వెనక్కి పిలిపించి మళ్లీ చూశాం. మళ్లీ లేదు. ఆసుపత్రి గడప తొక్కగానే తగ్గిపోయే కడుపునొప్పి లాగుంది వ్యవహారం.

మా ఫోర్‌మన్ ఓబులేసు చేతులు తుడుచుకుని తన నిర్ణయం చెప్పాడు. "ఇది ఇంజన్ది కాదు సార్, దిష్టి. కొత్త బండి గదా, శానామంది కండ్లు పడినాయి. బూడిదగుమ్మడికాయ కట్టాల." కట్టారు. లారీ గుమ్మడికాయతో సహా పొగ వదిలింది.

ఇక నేనే లారీలో పోదామని బయల్దేరాను. గేటు దగ్గర దానియేలు బండి ఆపాడు. ఓబులేసు స్టోరు రూములోంచి తువ్వాలు చుట్టిన చుట్ట ఒకటి, పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చి, విప్పి, ముందు జాలీకి తీగలతో బిగించడం మొదలుపెట్టాడు. జలదాత!

ఇన్నాళ్లూ ఇదెక్కడుందని అడిగాను.

"షెడ్డులో అన్నీ గ్రీజు చేతులే గదా సారూ. పెద్దాయన మొగానికి మసి అంటితే ఊరుకుంటారా? అందుకే లోపలికి వచ్చేటప్పుడు ఇప్పి దాస్తాం, పోయేటప్పుడు కడతాం," అన్నాడు ఓబులేసు, మెచ్చుకుంటానేమోనని చూస్తూ.

ఆ లారీకి గాలి పీల్చే గొట్టం మూతి ముందు జాలీ వెనకనే ఉంటుంది. మేము రోగిని పరీక్షించిన ప్రతిసారీ ముక్కు మీది గుడ్డ భక్తిగా తీసేసి, ఇంటికి పంపేటప్పుడు మళ్లీ కట్టి పంపుతున్నాం. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మైదుకూరు దాటాక ఒక ఎత్తు మీద పొగ మొదలైంది. ఆపించి, ఫ్లెక్సీ విప్పించి, అదే ఎత్తు మళ్లీ ఎక్కించాను. పొగ లేదు. దానియేలు దిగి వెనక పొగగొట్టం దగ్గర చాలాసేపు నిలబడి చూశాడు. ఆ మొహం చూసి నాకూ ప్రాణం లేచొచ్చింది.

బద్వేలు చేరేసరికి నాయకుడి అనుచరుడు వెంకటసుబ్బయ్య ఎదురొచ్చాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు చూడండి, ఆ పూజారి ఈయనే. "ఎవురప్పా పెద్దాయన ఫ్లెక్సీ ఇప్పింది? అది కట్టకుండా ఈ బండి ఈడ్నుంచి కదలదు!" అన్నాడు. గాలి, డీజిలు, టర్బో అని నేను చెప్పబోయాను. ఆ మాటలు ఆయన చెవి దాకా కూడా పోలేదు. అప్పుడు దారి మార్చాను. దారి పొడుగునా పురుగులూ దుమ్మూ వచ్చి పెద్దాయన మొహాన కొడుతున్నాయని, బంపరు దగ్గర కట్టడం ఆయన స్థాయికి తగదని, క్యాబిన్ పైన కడితే ఊరంతటికీ కనబడతారని విన్నవించాను.

"బంపరు కాడనా కట్టినారు? ఈ మాట ముందే చెప్పాల గదా సారూ!" అని నొచ్చుకుని, తనే లుంగీ ఎగ్గట్టి క్యాబిన్ ఎక్కి తాళ్లు బిగించాడు.

కర్నూలు తిరిగొచ్చి, పొగ పోయిందని ఇ.ఇ. గారికి చెప్పాను. "చూశారా, తీసేస్తామనగానే కల్తీ మానేశాడు," అన్నారాయన. నాకు ఒళ్లు మండిపోయింది. పొగ వస్తే దానియేలు దొంగ, పోతే దొరికిన దొంగ. మాటలతో లాభం లేదని ఆయన్ను ఊరి బయట ఎత్తు దగ్గరికి తీసుకుపోయాను. ఫ్లెక్సీ పైన ఉండగా లారీ కంప్రెసరుతో ఎత్తు ఎక్కింది, పొగ లేదు. ఫ్లెక్సీ ముందుకు కట్టించి మళ్లీ ఎక్కించాను. దగ్గరగా నిలబడితే బాగా తెలుస్తుందని ఇ.ఇ. గారిని ఈసారి ఎత్తు మధ్యలో, లారీ పొగగొట్టం పోయే పక్కన నిలబెట్టాను. ఆయన తెల్ల చొక్కా వేసుకొచ్చారు. బాగానే తెలిసింది.

మొహం తుడుచుకుంటూ, డ్రైవరు తప్పు లేదని ఒప్పుకున్నారు. మరి తప్పు ఎవరిదని రాయాలి అన్నారు. ఇద్దరం ఒకసారి ఫ్లెక్సీ వైపు చూశాం. బొమ్మలో పెద్దాయన నవ్వుతూనే ఉన్నారు. 'గాలి మార్గంలో అడ్డంకి ఏర్పడినది, తొలగించడమైనది' అని రాశాను. అడ్డంకి పేరేమిటని పైన ఎవరూ అడగలేదు.

దానియేలు ఇప్పటికీ ఆ లారీనే తోలుతున్నాడు. తర్వాత ఫ్లెక్సీ మీద మనిషి మారాడు, కొలతా పెరిగింది. అప్పటికే నేను క్యాబిన్ మీద ఇనుప ఫ్రేము వేయించి ఉంచాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. నల్లపొగ వస్తే పంపు మీద చెయ్యి వేసే ముందు గాలి దారి చూడండి. బండి రోడ్డు మీద ఏ వేషంతో తిరుగుతుందో ఆ వేషంతోనే పరీక్షించండి. గాలికి అడ్డం వచ్చింది పెద్దమనిషి అయితే, పక్కకు తప్పుకోమని మాత్రం అడగకండి. ఇంకా పైకి దయచేయమనండి.